విశాఖ రోడ్లకు సరిపడే క్యామ్: లిఫ్ట్ ఎంపిక, వాల్వ్‌ట్రెయిన్ తయారీ

క్యామ్ (ఇంజిన్ వాల్వులను తెరిచి మూసే ఇరుసు) మార్చాలని గాజువాక ఆటోనగర్‌కి వచ్చే కుర్రాళ్లు మొదట అడిగేది "లిఫ్ట్ ఎంత పెట్టొచ్చు?" అనే. లిఫ్ట్ అంటే వాల్వు ఎంత ఎత్తు తెరుచుకుంటుందో ఆ కొలత. నన్నడిగితే ఆ ప్రశ్న చివర్లో రావాలి. బండి ఎక్కడ తిరుగుతుందో, ఇంజిన్ ఏ ఆర్‌పీఎంలో ఎక్కువసేపు ఉంటుందో ముందు తేల్చుకోవాలి. దాన్నిబట్టి డ్యూరేషన్, అంటే వాల్వు ఎంతసేపు తెరిచి ఉండాలన్నది, వస్తుంది. హెడ్ (సిలిండర్ల పైన వాల్వులుండే భాగం) ఎంత గాలి లాగగలదో, వాల్వుని మూసే స్ప్రింగ్ ఎంతవరకు నొక్కుకుపోగలదో కొలిస్తే లిఫ్ట్ దానంతట అదే తేలుతుంది. ఈ వరుస తిరగబడితే ఖరీదైన క్యామ్ పెట్టి కూడా పికప్ పోగొట్టుకుంటారు.

ఉదాహరణల కోసం మన దగ్గర ఇంకా కనిపించే మారుతి ఇంజిన్లనే తీసుకుంటాను: ఎస్టీమ్, జిప్సీల్లో వచ్చిన 1,298 సీసీ 16 వాల్వుల ఇంజిన్, పాత బలెనో సెడాన్‌లో వచ్చిన 1,590 సీసీ ఇంజిన్. రెండింటిలోనూ హెడ్‌లో ఒక్కొక్క క్యామ్ మాత్రమే (సింగిల్ ఓవర్‌హెడ్ క్యామ్), క్యామ్ కదలికను వాల్వుకి చేర్చే రాకర్ ఆర్మ్‌లు, స్క్రూతో ట్యాపెట్ సెట్టింగ్ (రాకర్‌కీ వాల్వుకీ మధ్య సందు సర్దడం). మీది వేరే ఇంజిన్ అయినా కొలిచే పద్ధతి ఇదే.

1. బండి ఎక్కడ తిరుగుతుంది?

ఎన్‌ఏడీ జంక్షన్ నుంచి గాజువాక వైపు సాయంత్రం పూట వెళ్లే బండి 1,500 నుంచి 3,000 ఆర్‌పీఎం మధ్యే నలుగుతుంది. భీమిలి రోడ్డులోనో, హైవే మీదో కాస్త ఖాళీ దొరికితే 4,000 దాటుతుంది. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు రెండో గేరు, మూడో గేరు మధ్య 2,500 నుంచి 5,500 వరకు ఊగుతూ ఉంటుంది. అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి ఒత్తిడి సముద్ర మట్టంతో పోలిస్తే పదో వంతు తక్కువ, అంటే ఇంజిన్ బలం కూడా అదే లెక్కలో తగ్గుతుంది. కింద బలం లేని క్యామ్‌తో ఘాట్ ఎక్కితే ఆ తగ్గుదల ప్రతి మలుపులోనూ తెలుస్తుంది.

ట్రాక్ సంగతి వేరు. మనకు అందుబాటులో ఉన్న పెద్ద రేస్ ట్రాక్ చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉంది, సుమారు 800 కిలోమీటర్లు. ఏడాదికి ఒకటి రెండు ట్రాక్ డేల కోసం మిగతా రోజులన్నీ ఐడిల్‌లో వణికే బండిని నడపడం నాకు సమంజసంగా అనిపించదు. బీచ్ రోడ్డు ఎవరికీ ట్రాక్ కాదు. ఆ ఉద్దేశంతో క్యామ్ కొనేవాళ్ల కోసం ఈ వ్యాసం రాయడం లేదు.

పై ఆర్‌పీఎం హద్దును స్ట్రోక్ (పిస్టన్ పైనుంచి కిందకి కదిలే దూరం) నిర్ణయిస్తుంది. ఎస్టీమ్ స్ట్రోక్ 75.5 మిల్లీమీటర్లు. 7,000 ఆర్‌పీఎం దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకు 17.6 మీటర్లు. బలెనో స్ట్రోక్ 90 మిల్లీమీటర్లు కాబట్టి అదే ఆర్‌పీఎంలో 21 మీటర్లు అవుతుంది. పాత పిస్టన్లు, పాత కనెక్టింగ్ రాడ్ బోల్టులతో అంత వేగం నాకు ఇష్టం లేదు. బలెనోకి 6,500 దగ్గరే గీత గీసుకుని, ఆ లోపల బలమిచ్చే క్యామ్ ఎంచుకోండి.

2. ఉన్న ఇంజిన్ ఆరోగ్యం

సిలిండర్లు ఒత్తిడిని ఎంత నిలుపుతున్నాయో చూపే కంప్రెషన్ టెస్ట్, వీలైతే గాలి ఎక్కడ కారుతోందో చూపే లీక్‌డౌన్ టెస్ట్ చేయించండి. నాలుగు సిలిండర్ల అంకెలు దగ్గరదగ్గరగా లేకపోతే క్యామ్ మాట అక్కడితో ఆపేసి రింగులు, వాల్వులు చూసుకోవాలి. ఆయిల్ ప్రెషర్ కూడా గేజ్ పెట్టి కొలవాలి. క్యామ్‌కీ రాకర్లకీ ఆయిల్ సరిగా అందకపోతే కొత్త లోబ్ (క్యామ్ మీద వాల్వుని నెట్టే ఉబ్బు) కొద్ది వారాల్లోనే అరిగిపోతుంది.

ఇంకో విషయం తప్పకుండా కనుక్కోండి: హెడ్ ఇంతకుముందు ఎన్నిసార్లు ఫేసింగ్ (అడుగు చదును చేయడానికి కోయడం) అయింది? ఒకసారైనా వేడెక్కి ఫేసింగ్‌కి వెళ్లి వచ్చిన హెడ్‌లు పాత బండ్లలో చాలా ఉంటాయి. 0.3 మిల్లీమీటర్లు కోశారంటే వాల్వుకీ పిస్టన్‌కీ మధ్య ఖాళీ దాదాపు అంతే తగ్గింది. పైగా క్యామ్, క్రాంక్‌కి దగ్గరవడంతో బెల్ట్ లెక్క మారి క్యామ్ టైమింగ్ కొద్దిగా వెనక్కి జరుగుతుంది. గుర్తులు సరిగానే కలుస్తాయి, బండి మాత్రం మొద్దుగా ఉంటుంది. కొత్త క్యామ్ బాగోలేదని తిట్టుకునే ముందు ఈ ఒక్కటీ చూడండి.

3. డ్యూరేషన్, లోబ్ సెపరేషన్

క్రాంక్ ఎన్ని డిగ్రీలు తిరిగేంతసేపు వాల్వు తెరిచి ఉంటుందో అదే డ్యూరేషన్. ఒక తయారీదారు 0.1 మిల్లీమీటరు లిఫ్ట్ నుంచి లెక్కపెడతాడు, ఇంకొకరు 1 మిల్లీమీటరు నుంచి, అమెరికా వాళ్లు 1.27 మిల్లీమీటర్ల నుంచి. ఏ లిఫ్ట్ దగ్గర కొలిచారో తెలియకుండా రెండు క్యామ్‌లను పోల్చకూడదు. ఒకే క్యామ్ ఒక కార్డు (క్యామ్‌తో ఇచ్చే కొలతల చీటీ) మీద 264, ఇంకో కార్డు మీద 220 అని కనిపించవచ్చు.

ప్రకటించే డ్యూరేషన్ లెక్కలో ఇలాంటి చిన్న 16 వాల్వుల ఇంజిన్లకు స్థూలంగా నా అంచనా ఇది. 256 నుంచి 264 డిగ్రీల వరకు ఊళ్లో హాయిగా నడుస్తుంది, ఐడిల్ పెద్దగా చెడదు. 268 నుంచి 276 వరకు వెళ్తే 3,000 లోపు బలం తగ్గుతుంది, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) సెట్టింగులు మార్చే రీమ్యాప్ తప్పదు. 280 దాటితే ట్రాక్ బండి కిందే లెక్క. విశాఖలో రోజూ నడిపే బండికైతే నేను 260 చుట్టుపక్కలే ఆగుతాను.

ఇన్‌టేక్ లోబ్ మధ్య రేఖకీ ఎగ్జాస్ట్ లోబ్ మధ్య రేఖకీ ఉన్న కోణం లోబ్ సెపరేషన్. ఓవర్‌ల్యాప్ (ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ ఒకేసారి తెరిచి ఉండే డిగ్రీలు) లెక్క సులువే: రెండు డ్యూరేషన్ల సగటులోంచి లోబ్ సెపరేషన్‌కి రెట్టింపు తీసేయండి. 260 డిగ్రీల క్యామ్, 110 డిగ్రీల సెపరేషన్ అయితే 260లోంచి 220 పోగా 40 డిగ్రీల ఓవర్‌ల్యాప్. అదే క్యామ్‌ని 106 మీద కోస్తే 48 అవుతుంది. ఓవర్‌ల్యాప్ పెరిగేకొద్దీ ఐడిల్‌లో వ్యాక్యూమ్ పడిపోతుంది. ఇన్‌టేక్‌లో గాలి ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సర్‌తో నడిచే ఇంజిన్లలో ఈసీయూ దాన్ని ఎక్కువ లోడ్ అనుకుని పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. నల్ల పొగ, పాడైన మైలేజ్, పొల్యూషన్ టెస్టులో ఫెయిల్ అన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి.

వ్యాక్యూమ్ తగ్గితే బ్రేక్ బూస్టర్ కూడా బలహీనపడుతుంది. సింహాచలం కొండ దిగేటప్పుడో, ట్రాఫిక్‌లో వరసగా బ్రేకులు తొక్కేటప్పుడో పెడల్ గట్టిపడితే ప్రమాదం. క్యామ్ మార్చాక ఐడిల్ వ్యాక్యూమ్ గేజ్‌తో కొలిచి, పాత అంకె పక్కన రాసుకోండి. పెడల్‌లో తేడా తెలిసేంతగా అది తగ్గితే క్యామ్ మీ బండికి ఎక్కువైనట్టే.

4. ఇప్పుడు లిఫ్ట్

వాల్వు తెరుచుకున్నప్పుడు దాని అంచు చుట్టూ ఏర్పడే సందులోంచి గాలి వెళ్తుంది. ఆ సందు వైశాల్యం అంటే వాల్వు చుట్టుకొలత ఇంటూ లిఫ్ట్. లిఫ్ట్, వాల్వు వ్యాసంలో నాలుగో వంతుకి చేరేసరికి ఆ వైశాల్యం వాల్వు వైశాల్యంతో సమానమవుతుంది. 30 మిల్లీమీటర్ల వాల్వుకైతే అది 7.5 మిల్లీమీటర్ల దగ్గర. దాన్ని దాటాక కూడా చాలా హెడ్‌లలో గాలి పెరుగుతూనే ఉంటుంది గానీ, పెరిగే వేగం తగ్గిపోతుంది. వ్యాసంలో 0.30 వంతు, అంటే 9 మిల్లీమీటర్ల వరకు వెళ్లడం సబబు. 0.35 వంతు, అంటే 10.5 మిల్లీమీటర్లు, పోర్ట్ (హెడ్‌లోని గాలి దారి) పని బాగా చేసిన హెడ్‌కే ఉపయోగం.

యూట్యూబ్‌లో అమెరికా వీ8 ఇంజిన్లకు 12, 13 మిల్లీమీటర్ల లిఫ్ట్ పెట్టడం చూసి మనవాళ్లు అదే అడుగుతారు. వాళ్ల ఇన్‌టేక్ వాల్వు ఒక్కటే 50 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, అందుకు వాళ్లకి 12.5 నాలుగో వంతే. మన ఇంజిన్లో సిలిండర్‌కి రెండు చిన్న ఇన్‌టేక్ వాల్వులు. అందువల్ల తక్కువ లిఫ్ట్‌లోనే చాలినంత సందు దొరుకుతుంది.

అలాగని నాలుగో వంతు దాటిన లిఫ్ట్ అంతా వృథా అనలేం. వాల్వు గరిష్ఠ లిఫ్ట్‌ని ఒక్కసారే తాకుతుంది, మధ్య లిఫ్ట్‌లను మాత్రం తెరుచుకుంటూ ఒకసారి, మూసుకుంటూ ఒకసారి దాటుతుంది. డ్యూరేషన్ పెంచకుండా లిఫ్ట్ పెంచితే మధ్య లిఫ్ట్‌ల్లో వాల్వు ఇంకాస్త ఎక్కువసేపు ఉంటుంది. కింది ఆర్‌పీఎంలో బలం పోకుండా గాలి పెంచుకునే దారి ఇదే. ఊళ్లో తిరిగే బండికి మితమైన డ్యూరేషన్, కాస్త ఎక్కువ లిఫ్ట్ అని నేను చెప్పేది అందుకే. అయితే అదే డిగ్రీల్లో ఎక్కువ దూరం వెళ్లాలంటే వాల్వు త్వరగా కదలాలి, ఆ భారమంతా స్ప్రింగ్ మీద, లోబ్ మీద పడుతుంది.

ఫ్లో బెంచ్ (హెడ్ గుండా ఎంత గాలి వెళ్తుందో కొలిచే యంత్రం) ఉన్న చోటు దొరికితే మీ హెడ్‌ని 1 మిల్లీమీటరు చొప్పున కొలిపించండి. 8.5 దాటాక అంకె కదలకపోతే 10 కోసం డబ్బు పోయొద్దు. ఫ్లో బెంచ్ లేకపోతే పైన చెప్పిన నిష్పత్తి చాలు. ఒక్క మాట: మంచి బోరింగ్ షాపులో 30, 45, 60 డిగ్రీల మూడు కోణాల్లో వాల్వు సీట్లు కోయించడం తక్కువ ఖర్చుతో ఎక్కువ లాభమిచ్చే పని. తక్కువ లిఫ్ట్‌లో గాలి పెరుగుతుంది, వాల్వు ప్రతి తిరుగుడులోనూ అక్కడి గుండా వెళ్లాల్సిందే కదా. దీన్ని వదిలేసి క్యామ్ మీద ఖర్చుపెట్టేవాళ్లని చూస్తే బాధేస్తుంది.

వాల్వు లిఫ్ట్ అంటే లోబ్ లిఫ్ట్ ఇంటూ రాకర్ నిష్పత్తి, అందులోంచి ట్యాపెట్ క్లియరెన్స్ తీసేయాలి. లోబ్ లిఫ్ట్ 6 మిల్లీమీటర్లు, నిష్పత్తి 1.5 అయితే 9, క్లియరెన్స్ 0.2 పోగా 8.8. క్యామ్ నేరుగా వాల్వు మీది కప్పులాంటి బకెట్‌ని నొక్కే ఇంజిన్లలో లోబ్ లిఫ్టే వాల్వు లిఫ్ట్. మీ రాకర్ నిష్పత్తి ఎవరో చెప్పింది నమ్మకుండా డయల్ గేజ్‌తో లోబ్ మీద ఒకసారి, వాల్వు రిటైనర్ (స్ప్రింగ్‌ని పైన పట్టి ఉంచే బిళ్ల) మీద ఒకసారి కొలిచి భాగించుకోండి.

5. కొత్త క్యామా, కోసిన క్యామా?

మన దగ్గర పాత ఇంజిన్లకు ఉక్కు దిమ్మ నుంచి చెక్కిన కొత్త బిల్లెట్ క్యామ్ దొరకడం కష్టం. ఎక్కువమంది స్టాక్ క్యామ్‌నే రీగ్రైండ్ చేయిస్తారు. అందులో తప్పేమీ లేదు గానీ లోబ్ ముక్కు పెంచలేరు కాబట్టి కింద బేస్ సర్కిల్ (లోబ్‌లో గుండ్రంగా ఉండే వెనక భాగం) తగ్గిస్తారు. బేస్ సర్కిల్ వ్యాసార్థం 0.6 మిల్లీమీటర్లు తగ్గి, రాకర్ నిష్పత్తి 1.5 అయితే ట్యాపెట్ స్క్రూ దాదాపు 0.9 మిల్లీమీటర్లు ఇంకా కిందకి దిగాలి. స్క్రూకి తగినన్ని మరలు మిగిలాయా, రాకర్ కొన వాల్వు తల (కాడ పై కొన) మధ్యలోనే తగులుతోందా చూడాలి. రాకర్ కొనకి రంగు పూసి, చేత్తో ఇంజిన్ తిప్పితే వాల్వు తల మీద గీత పడుతుంది. ఆ గీత సన్నగా, మధ్యలో ఉండాలి. అంచుకి జరిగితే గైడ్ ఒక పక్కకి అరిగి, ఆయిల్ తాగడం మొదలవుతుంది.

గట్టిపడిన పొర ఎంత మిగిలిందో గ్రైండ్ చేసినవాళ్లని అడగండి. పొర దాటి కోసేస్తే నైట్రైడింగ్ (నైట్రోజన్‌తో పైపొర గట్టిపరచడం) చేయించాలి. రాకర్ మీద క్యామ్ రాసుకునే అరుగు కూడా కొత్త లోబ్‌కి సరిపడేలా నున్నగా రీఫేస్ చేయించాలి. అరిగిన రాకర్ మీద కొత్త క్యామ్ పెడితే రెండూ పోతాయి.

6. స్ప్రింగ్, రిటైనర్

ఖర్చులో కోత పెట్టకూడని చోటు ఇది. వాల్వుని మూసేటప్పుడు లోబ్ వెంటే నడిపించేది స్ప్రింగ్ ఒక్కటే. కావలసిన బలం ఆర్‌పీఎం వర్గంతో పెరుగుతుంది: 6,000 నుంచి 7,000కి వెళ్తే 36 శాతం ఎక్కువ. స్ప్రింగ్ ఓడిపోతే వాల్వు లోబ్‌ని వదిలి తేలుతుంది, సీటు మీద పడి ఎగురుతుంది. పై ఆర్‌పీఎంలో బలం ఒక్కసారిగా పడిపోయి ఇంజిన్ మిస్ అవుతుంటే ఇగ్నిషన్‌తో పాటు దీన్నీ అనుమానించాలి.

కొలతలు ఇలా తీసుకోండి. వాల్వు, రిటైనర్, లాక్‌లు పెట్టి స్ప్రింగ్ లేకుండా రిటైనర్ పైకి లాగి, సీటుకీ రిటైనర్‌కీ మధ్య ఎత్తు కొలవాలి. అదే బిగించిన ఎత్తు, 35 మిల్లీమీటర్లు అనుకుందాం. స్ప్రింగ్‌ని వైస్‌లో పూర్తిగా నొక్కి చుట్లన్నీ కలిసినప్పటి ఎత్తు కొలవండి, 23 వచ్చిందనుకుందాం. తేడా 12. కనీసం 1.5 మిల్లీమీటర్లు మిగలాలి కాబట్టి ఈ స్ప్రింగ్ 10.5 వరకే ఒప్పుకుంటుంది. తర్వాత వాల్వు మూసి ఉన్నప్పుడు రిటైనర్ అడుగు నుంచి స్టెమ్ సీల్ (వాల్వు కాడ చుట్టూ ఉండే ఆయిల్ సీల్) పైభాగం వరకు కొలవాలి. అది 11 అయితే, ఇక్కడా 1.5 వదిలితే 9.5 వస్తుంది. రెండింట్లో చిన్నది 9.5, మీ హెడ్‌కి లిఫ్ట్ హద్దు అదే. ఎగ్జాస్ట్‌కి విడిగా కొలవండి. ఈ రెండు అంకెలు చేతిలో లేకుండా క్యామ్ ఆర్డర్ ఇవ్వకూడదు.

బలం లెక్క: మూసి ఉన్నప్పుడు 200 న్యూటన్లు, స్ప్రింగ్ రేటు మిల్లీమీటరుకి 25, లిఫ్ట్ 9 అయితే పూర్తిగా తెరిచినప్పుడు 425 న్యూటన్లు. కింద 1 మిల్లీమీటరు షిమ్ (పల్చటి రింగు) వేస్తే రెండు అంకెలకీ 25 కలుస్తుంది, చుట్ల మధ్య మిగిలిన ఖాళీలోంచి 1 మిల్లీమీటరు పోతుంది. క్యామ్ గ్రైండ్ చేసినవాళ్లు చెప్పిన బలానికి దగ్గరగా ఉండండి. ఇంకా గట్టి స్ప్రింగ్ పెడితే లోబ్‌లు, రాకర్లు, టైమింగ్ బెల్ట్ అన్నీ త్వరగా అరుగుతాయి.

పైకి వెళ్లేకొద్దీ సన్నబడే బీహైవ్ స్ప్రింగ్ దొరికితే అదే నా ఎంపిక. పైన రిటైనర్ చిన్నది, కదిలే బరువు తక్కువ, స్ప్రింగ్ తనలో తాను కంపించడం కూడా తగ్గుతుంది. టైటానియం రిటైనర్లు తేలికే గానీ రోజూ తిరిగే బండిలో అరుగుదల కోసం తరచూ విప్పి చూడాలి. మంచి క్రోమ్‌మోలీ స్టీల్ రిటైనర్లు చాలు.

మన ఊరి ఉప్పు గాలి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కొత్త స్ప్రింగులు, గ్రైండ్ చేసిన క్యామ్ పెట్టె విప్పి షెడ్‌లో అలా వదిలేస్తే కొద్ది రోజుల్లోనే తుప్పు చుక్కలు పడతాయి. వాల్వు స్ప్రింగ్ మీద చిన్న తుప్పు గుంట చాలు, పగులు అక్కడే మొదలై ఒకరోజు విరిగి వాల్వు సిలిండర్లో పడుతుంది. ఆయిల్ పూసి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టండి. గుంట కనిపించిన స్ప్రింగ్‌ని రుద్ది వాడొద్దు, పారేయండి.

7. పిస్టన్‌కీ వాల్వుకీ మధ్య ఖాళీ

ఇన్‌టేక్‌కి కనీసం 2 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్‌కి 2.5. ఎగ్జాస్ట్ వాల్వు వేడికి సాగుతుంది, పైగా తేలితే పిస్టన్ దాన్ని వెంటాడుతూ పైకి వస్తుంది, అందుకే ఎక్కువ వదలాలి. గరిష్ఠ లిఫ్ట్ దగ్గర పిస్టన్ చాలా కిందే ఉంటుంది. అసలు ప్రమాదం ఓవర్‌ల్యాప్‌లో: ఇన్‌టేక్‌కి టాప్ డెడ్ సెంటర్ (పిస్టన్ పూర్తిగా పైన ఉండే స్థానం) దాటిన 10 డిగ్రీల చుట్టూ, ఎగ్జాస్ట్‌కి దానికి 10 డిగ్రీల ముందు.

పిస్టన్ తల మీద పిల్లలు ఆడుకునే క్లే ముద్ద పరిచి, పైన కొద్దిగా ఆయిల్ రాసి, వాడిన గ్యాస్కెట్‌తో హెడ్ బిగించి, టైమింగ్ కట్టి క్రాంక్‌ని చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఎక్కడైనా అడ్డం తగిలితే బలం పెట్టొద్దు. హెడ్ విప్పి, క్లేని బ్లేడుతో కోసి, అతి పల్చని చోట కొలవండి. వాడిన గ్యాస్కెట్ ఎందుకంటే అది అప్పటికే నొక్కుకుని ఉంటుంది. వీవీటీ (నడుస్తుండగా క్యామ్ టైమింగ్ మార్చే ఏర్పాటు) ఉన్న ఇంజిన్లలో క్యామ్‌ని పూర్తిగా ముందుకు జరిపి కూడా కొలవాలి.

8. బిగింపు, డిగ్రీయింగ్

బెల్ట్, టెన్షనర్, వాటర్ పంపు, స్టెమ్ సీల్స్ ఎలాగూ విప్పారు కాబట్టి కొత్తవి వేయండి. తర్వాత డిగ్రీయింగ్, అంటే క్యామ్ టైమింగ్ కొలిచి సరిచేయడం: క్రాంక్‌కి డిగ్రీ వీల్ (డిగ్రీలు గీసిన చక్రం) బిగించి, పిస్టన్ స్టాప్‌తో అసలైన టాప్ డెడ్ సెంటర్ పట్టుకోండి. నంబర్ 1 ఇన్‌టేక్ మీద డయల్ గేజ్ పెట్టి, గరిష్ఠ లిఫ్ట్‌కి ముందు 1 మిల్లీమీటరు తక్కువ ఉన్నచోట డిగ్రీ రాసుకోండి, దాటాక 1 తగ్గినచోట మళ్లీ రాసుకోండి. 98, 122 వస్తే మధ్య రేఖ 110. కార్డు మీద 108 ఉంటే క్యామ్ 2 క్రాంక్ డిగ్రీలు వెనకబడింది. అడ్జస్టబుల్ క్యామ్ గేర్‌ని 1 డిగ్రీ ముందుకు జరిపితే సరిపోతుంది, ఎందుకంటే క్యామ్ ఒక చుట్టుకి క్రాంక్ రెండు చుట్లు.

ఘాట్ రోడ్డు బలం కావాలంటే కార్డు కంటే 2 డిగ్రీలు ముందుకు పెట్టి చూడొచ్చు. ముందుకు జరిపితే ఇన్‌టేక్ ఖాళీ, వెనక్కి జరిపితే ఎగ్జాస్ట్ ఖాళీ తగ్గుతుంది. అందుకే ప్రతి మార్పు తర్వాత ఏడో అడుగు మళ్లీ చేయాలి.

9. మొదటి స్టార్ట్, రీమ్యాప్

లోబ్‌లకూ రాకర్లకూ అసెంబ్లీ పేస్ట్ బాగా పట్టించి, జింక్ ఎక్కువ ఉన్న ఆయిల్ పోయండి. స్టార్ట్ అయిన వెంటనే 2,000 నుంచి 2,500 మధ్య ఆర్‌పీఎం మార్చుతూ 20 నిమిషాలు నడపాలి. ఐడిల్‌లో వదలొద్దు, ఆ వేగంలో లోబ్ మీద ఆయిల్ తక్కువ పడుతుంది. కూలెంట్ నిండుగా ఉందో లేదో ముందే చూసుకోండి, మే నెల ఎండలోనైతే ఆ పని పొద్దున్నే పెట్టుకోండి. అయ్యాక ఆయిల్, ఫిల్టర్ మార్చి, పాత ఫిల్టర్ కోసి లోహపు పొడి కోసం వెతకండి.

పెట్రోల్, గాలి పాళ్లు చూపే వైడ్‌బ్యాండ్ సెన్సర్ పెట్టి రీమ్యాప్ చేయించేదాకా 4,000 దాటించొద్దు. పొల్యూషన్ సర్టిఫికెట్ మళ్లీ తీసుకోండి, బీమా కంపెనీకి మార్పు తెలియజేయండి. ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చే మార్పులను మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు, దాన్ని ముందే దృష్టిలో పెట్టుకోండి.

500 కిలోమీటర్ల దగ్గర ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ట్యాపెట్ క్లియరెన్స్ మళ్లీ సెట్ చేసి, ప్రతి వాల్వు అంకె రాసిపెట్టండి. 1,000 దగ్గర ఇంకోసారి. ఒక్క వాల్వు దగ్గర మాత్రమే సందు పెరుగుతూ ఉంటే ఆ లోబో రాకరో అరుగుతోంది, బండి ఆపి కవర్ విప్పండి. సందు తగ్గుతూ ఉంటే వాల్వు సీట్లోకి దిగుతోంది, అప్పుడు హెడ్ దించాల్సిందే.